ప్రదర్శనకు వెళ్లిన ఎర్త్ కడ్డీలు

1983 మే నెలలో నేను నగరి సెక్షన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా ఉన్నాను. మరమగ్గాల ఊరు. కరెంటు అరగంట పోతే చాలు, ఆఫీసు ముందు జనం. ఆ నెలలోనే డివిజనల్ ఇంజనీరు నుంచి ఉత్తరం వచ్చింది. మద్రాసులో విద్యుత్ రంగం వారి అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతుందనీ, మా శాఖ స్టాలులో లైన్‌మన్ల రక్షణ సామగ్రి పెడతారనీ, చూపుకు శుభ్రంగా ఉన్నవి పంపాలనీ దాని సారాంశం.

మా దగ్గర శుభ్రంగా ఉన్నది ఒకే జత ఎర్త్ కడ్డీలు. సబ్‌స్టేషన్ వాళ్లు లైను ఆపి ‘లైన్ క్లియర్’ ఇచ్చాక కూడా, పనిచేసే చోటికి రెండు పక్కలా ఈ కడ్డీలు తగిలించి తీగలను భూమికి కలపాలి. పొరపాటున ఎటునుంచి కరెంటు వచ్చినా భూమిలోకి పోతుంది. పాత జత తీగలు తెగి మూలపడింది. నేను కొత్త జతకు రంగు వేయించి మరీ పంపాను. పైవాళ్ల మెప్పు కోసమే పంపాను, ఇప్పుడు దాచేదేముంది?

లైన్‌మన్ మునిరత్నం అడ్డు చెప్పాడు. “అవి పంపించేస్తే మేము ఏం పెట్టుకోని కంబం ఎక్కేది సార్?” అన్నాడు. పది రోజుల్లో వచ్చేస్తాయి, అందాకా సర్దుకోమన్నాను. సర్దుకోవడమంటే ఒక కొస భూమికి కలిపిన తీగముక్కకు రాయి కట్టి లైను మీదికి విసరడమని ఇద్దరికీ తెలుసు. “మీరు చెప్పినాక ఇంకేముండాది” అని వెళ్లిపోయాడు.

ఎనిమిదో రోజు ఒక ఇన్సులేటరు పగిలింది. మునిరత్నం లైన్ క్లియర్ తీసుకుని, తీగ విసిరి, స్తంభం ఎక్కాడు. ఈలోగా ఒక మగ్గాల షెడ్డులో మెయిన్ స్విచ్ ఆపకుండానే జనరేటరు వేశారు. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు గుండా వెనక్కి మా లైన్లోకి ఎక్కింది. విసిరిన తీగ అప్పటికే గాలికి జారిపోయింది. నేను జీపులో చేరేసరికి శవాన్ని కిందికి దించారు.

విచారణలో తప్పు జనరేటరు యజమానిదని తేల్చారు. కడ్డీల సంగతి నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. మునిరత్నం భార్య మాత్రం ఆఫీసుకు వచ్చి అడిగింది: “కడ్డీలు ఏసుకోకుండా పని చేసే మనిషి కాదు సార్. ఆ పొద్దు ఎందుకు ఏసుకోలేదు?” నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా నోరు విప్పలేదు.

మరుసటి వారం కడ్డీలు తిరిగొచ్చాయి. రంగు చెక్కుచెదరలేదు. ‘తాకరాదు’ అన్న అట్టముక్క వాటికి ఇంకా వేలాడుతూనే ఉంది.

తర్వాత రిటైరయ్యేదాకా కడ్డీలు లేకుండా ఎవరినీ స్తంభం ఎక్కనివ్వలేదు. పనిముట్టు ఉండవలసింది పనిచేసేవాడి చేతిలో. ఆ మాట మునిరత్నం నాకు ముందే చెప్పాడు.