ఎనిమిది గంటల పల్సు

2001 జులైలో ఒక గురువారం, సాయంత్రం ఏడు గంటల నలభై అయిదు నిమిషాలు. రాజమండ్రిలోని ముప్ఫై పడకల ప్రసూతి నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుని. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి ఎనిమిది వరకు నా డ్యూటీ. ఆ నిమిషంలో మాత్రం నేను వార్డులో లేను. హాల్లో టీవీ ముందు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాను. ఆసుపత్రి సీరియల్ వస్తోంది. మధ్యలో అడ్వర్టైజ్‌మెంట్లు మొదలయ్యాయి. నా పక్కన బెంచీ మీద ఆరో నంబరు పడక బాలింత అత్తగారు సత్యవతి గారు కూర్చుని ఉన్నారు. సీరియల్లో ఐసీయూలో పడి ఉన్న అమ్మాయి కోసం పెట్టుకున్న కన్నీళ్లు కొంగుతో తుడుచుకుని, నాతో మాట కలిపారు.

"మా కోడలు బంగారమండి సిస్టరు గారూ. కాన్పయిన కాడ్నించీ ఒక్క మూలుగు లేదు. దాహం, దాహం అని మూడుసార్లు అడిగింది. నేనిస్తానా ఏంటి? పచ్చి బాలింతకి నీళ్లేంటండి! ఇప్పుడింక అడగడం కూడా మానేసింది. ఆవలింతల మీద ఆవలింతలు. నిద్ర ముంచుకొస్తోంది పాపం."

ఆవిడ సంతోషంగానే చెప్పారు. నేను అప్పటికే వార్డు వైపు కదిలాను. కాన్పయిన మూడున్నర గంటలకి నిద్ర రావచ్చు, దాహమూ వేయవచ్చు. కానీ దాహం దాహమని అడిగి అడిగి, అడగడం మానేసి, ఆవలిస్తూ పడుకుంటే అది నిద్ర కాకపోవచ్చు. ఒంట్లో రక్తం తగ్గిపోతుంటే శరీరం గాలి కోసం అలా నోరు తెరుస్తుంది. నర్సింగ్ కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన సంగతి అది. అంతవరకూ ఎవరి నోట్లోనూ చూడలేదు.

హాలు నుంచి ఆరో నంబరు పడకకి ఇరవై అడుగులుంటుంది. ఆ ఇరవై అడుగుల్లోనూ నాకు గుర్తొచ్చింది మంచం కాళ్ల దగ్గర వేలాడుతున్న చార్టు.

వార్డుకి మార్చిన బాలింతని మొదటి మూడు గంటలూ అరగంటకోసారి చూడాలన్నది మా పద్ధతి. నాడి, బీపీ, రక్తస్రావం ఎంత, గర్భసంచి గట్టిగా ఉందా లేదా చూసి, టైము వేసి చార్టులో రాయాలి. ఆరో నంబరు అమ్మాయిని అయిదున్నరకి వార్డుకి తెచ్చాం కాబట్టి ఎనిమిదిన్నర దాకా చూపు తప్పదు. సీరియల్ ఏడున్నర నుంచి ఎనిమిది వరకు. అది మొదలైన నెల నుంచి సాయంత్రం డ్యూటీ వాళ్లం ఒక అలవాటు చేసుకున్నాం. ఏడుంబావుకి ఒకసారి అందరినీ చూసేసి, చార్టులో ఏడున్నర గడి, ఎనిమిది గడి రెండూ ఒకేసారి నింపేయడం. దాన్ని 'రౌండు ముందుకు జరపడం' అనేవాళ్లం. ఆ రోజు ఆరో నంబరుకి ఏడున్నర గడిలో నాడి 84 అని రాశాను. ఎనిమిది గడిలో 82 అని రాశాను. రెండూ ఒకే అంకె అయితే బాగోదని రెండు తగ్గించాను.

ఆ అమ్మాయి పేరు వెంకటలక్ష్మి. ఇరవై మూడేళ్లు. కడియంలో ఉంటారు. భర్త నర్సరీలో మొక్కలు లారీలకి ఎక్కించే పని చూస్తాడు. రెండో కాన్పు, నాలుగు కిలోలకి కాస్త తక్కువ మగపిల్లాడు. పిల్లాడు పెద్దవాడైతే గర్భసంచి బాగా సాగుతుంది, ముడుచుకోవడానికి బద్ధకిస్తుంది. అది కూడా నాకు తెలియని సంగతేం కాదు.

చెవుల్లో దూది, తలకి గుడ్డ, మెడదాకా రగ్గు. పిలిస్తే "ఆఁ" అంది, మళ్లీ ఆవలించింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా ఉంది. నాడి నూట ముప్ఫై, సన్నగా దారంలా తగులుతోంది. బీపీ ఎనభైకి యాభై. రగ్గు తీశాను. ప్యాడ్ పైకి మామూలుగానే కనిపించింది. దాని కింద సత్యవతి గారు శ్రద్ధగా వేసిన పాత చీర మడతలు. ఒక్కొక్క మడతే తీస్తూ వెళ్తే రబ్బరు షీటు దాకా అన్నీ తడిసి ఉన్నాయి. ఏడుంబావుకి నేను ప్యాడ్ చూశాను. చీర ఎత్తి చూడలేదు.

పొట్ట మీద చెయ్యి వేశాను. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకుని బొడ్డు కింద కొబ్బరికాయలా గట్టిగా తగలాలి. మెత్తగా, కలిపి పెట్టిన పిండిలా ఉంది. అక్కడే చేత్తో రుద్దడం మొదలుపెట్టి ఆయాని కేకేశాను.

"నూకరత్నం! మంచం కాళ్ల వైపు కింద చెక్కలు పెట్టి ఎత్తు. మేడమ్ గారిని పిలు, పరిగెత్తు!"

నూకరత్నం ఆ ఆసుపత్రిలో నాకంటే పాత మనిషి. "ఆయ్" అని చెక్కలు పెట్టి, మా డాక్టరు మేడమ్ గారి ఇల్లు పై అంతస్తులోనే కాబట్టి మెట్ల వైపు పరిగెత్తింది. వెళ్తూ వెళ్తూ టీవీ స్విచ్ కట్టేసింది. హాల్లోంచి ఎవరో, "అదేంటండి, ఇప్పుడే ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే!" అన్నారు.

"ఇక్కడ నిజం ఆసుపత్రి పెట్టుకుని అందులో చూస్తారేంటండి? లేవండి, దారి!" అని నూకరత్నం అనడం నాకు వార్డులోకి వినిపించింది.

మేడమ్ గారు అన్నం కలిపిన చెయ్యి కడుక్కుంటూనే దిగినట్టున్నారు, చేతులు తడిగా ఉన్నాయి. పేషెంటు మొహం చూసి, ఏ డాక్టరైనా చేసే పనే చేశారు. చార్టు తీసి చూశారు. తర్వాత గోడ గడియారం చూశారు.

"సిస్టర్, టైమెంత?"

"ఏడూ యాభై రెండు మేడమ్."

"మరి ఎనిమిది గంటల పల్సు నీకెక్కడ దొరికింది?"

పొట్ట మీద నా చెయ్యి ఆగింది. ఆవిడ చార్టు మళ్లీ కొక్కేనికి తగిలించి, "చెయ్యి ఆపకు" అన్నారు.

ఆ తర్వాతవన్నీ వరసగా జరిగాయి. రెండు చేతులకీ సెలైన్లు. ఒకదాంట్లో గర్భసంచి ముడుచుకునేలా చేసే మందు. తొడకి ఇంకొక ఇంజక్షన్. గొట్టం వేస్తే ముప్పావు లీటరు మూత్రం వచ్చింది. నిండిన మూత్రాశయం పక్కన కూర్చుని గర్భసంచిని ముడుచుకోనివ్వదు. ఆరు గంటలకి "ఒకసారి లేచి వెళ్లిరామ్మా" అంటే "తర్వాత వెళ్తానండి" అంది, నేను మళ్లీ అడగలేదు. భర్త రక్తం శాంపిల్ సీసా జేబులో పెట్టుకుని స్కూటరు మీద బ్లడ్ బ్యాంకుకి వెళ్లాడు. ఎనిమిదికి వచ్చిన నైట్ సిస్టర్ మిగతా వార్డంతా చూసుకుంది. నేను ఆరో నంబరు దగ్గరే ఉండిపోయాను.

ఎనిమిదీ పదికి నా అరచేతి కింద ఆ మెత్తదనం పోయి గట్టిగా తగిలింది. "మేడమ్" అన్నాను. ఆవిడ కూడా చెయ్యి వేసి చూసి, తల ఊపారు. రక్తస్రావం ఆగింది. తొమ్మిదిన్నరకి మొదటి రక్తం సీసా ఎక్కడం మొదలైంది. పదికల్లా నాడి నూటికి దిగింది, బీపీ నూటికి చేరింది. అవి నేను చూసి, చూసిన టైముకే రాసిన అంకెలు.

సత్యవతి గారు వరండాలో నేల మీద కూర్చుని ఉన్నారు. "నేనే చంపుకునేదాన్ని కదండీ, నీళ్లియ్యకుండా" అన్నారు. నీళ్ల వల్ల కాదని, ఆవిడ చెప్పబట్టే నాకు తెలిసిందని, చూడాల్సినదాన్ని నేనే చూడలేదని చెప్పాను. అందులో ఓదార్పు ఏమీ లేదు, ఉన్న మాటే. మేడమ్ గారు నోటికి తడి ఇవ్వొచ్చన్నాక, ఆవిడే చెంచాతో కోడలికి నీళ్లు పట్టారు. "ఇంకొంచెం పొయ్యండి అత్తయ్యా" అంది వెంకటలక్ష్మి. నేను చెయ్యి పట్టుకుని చూసినప్పటి నుంచి ఆమె నోట వచ్చిన మొదటి పూర్తి వాక్యం అదే.

ఆ సీరియల్ మమ్మల్ని అంతలా ఎందుకు పట్టేసుకుందో అప్పటికి ఆలోచించలేదు. ఇప్పుడు ఉద్యోగం మానేసి నాలుగేళ్లయింది. పిల్లల్ని పడుకోబెట్టి, ఇద్దరి ఊపిరీ ఒకసారి విని వచ్చి ఇది రాస్తున్నాను. నా భయాల గురించి మా ఇంట్లో అందరూ నవ్వుతారు. ఆ సీరియల్ పట్టు ఏమిటో మాత్రం ఇప్పటికి కొంత తెలిసొచ్చిందనుకుంటున్నాను.

హాల్లో కూర్చునే వాళ్లకి వాళ్ల డాక్టరు చెప్పేది ఒక్క ముక్క, "బాగానే ఉంది." సీరియల్లో డాక్టరు చుట్టాల పక్కన కూర్చుని, ఏమైందో, ఏం చేయబోతున్నారో, ఎంత భయముందో అన్నీ విడమరిచి చెబుతాడు. తమ మనిషి గురించి తెలియనిదంతా వాళ్లు అక్కడ తెలుసుకున్నట్టు చూసేవారు. మాది ఇంకో రకం ఆకలి. మా వృత్తిలో కథ చివర తెలియదు. అయిదో రోజున డిశ్చార్జి రాసి, టీకా కార్డు చేతికిస్తాం. ఆటో ఎక్కుతారు. ఆ పిల్లాడు నడిచాడా, ఆ తల్లి కోలుకుందా, ఎవరూ వచ్చి చెప్పరు. సీరియల్ ఇవాళ కాకపోతే రేపు చెబుతుంది.

వీటికంటే పెద్ద సుఖం ఇంకొకటి ఉంది. అక్కడ ప్రమాదం చెప్పి వస్తుంది. మ్యూజిక్ మారుతుంది, మెషీను కూస్తుంది, కెమెరా సరిగ్గా ఆ పేషెంటు మొహం మీదకే వెళ్తుంది. ఎవరో ఒకరు ఎప్పుడూ చూస్తూనే ఉంటారు, మనం చూడక్కర్లేదు. రోజంతా చూడడమే పనిగా ఉన్నవాళ్లకి ఆ అరగంట ఎంత విశ్రాంతో చెప్పలేను. అందుకే ఇప్పటికీ ఆసుపత్రి సీరియళ్లు ఇష్టంగా చూస్తాను. అందులో తప్పేమీ లేదు. డ్యూటీ గౌను వేసుకుని చూడడమే తప్పు.

మేడమ్ గారు నన్ను తీసేయలేదు. ఆ ఎనిమిది గంటల గడిని కొట్టేసి, పక్కన ఎర్ర సిరాతో నా చేతే "చూడలేదు" అని రాయించి, సంతకం పెట్టించారు. టీవీ తీసేయించమని నేనే అడిగాను. "టీవీ ఏం చేసింది? అక్కడే ఉండనీ" అన్నారు. మర్నాటి నుంచి ఏడూ ఇరవైకి నేను టీవీకి అడ్డంగా నిలబడి, బాలింత పదే పదే దాహం అంటున్నా, ఆవలిస్తున్నా, చెమట పడుతున్నా వెంటనే మమ్మల్ని పిలవమని చెప్పేదాన్ని. సీరియల్ కోసం చోటు పట్టుకుని కూర్చున్నవాళ్లు కాబట్టి ఎవరూ లేచిపోలేదు. ఏడున్నరకి వార్డులోకి వెళ్లిపోయేదాన్ని. డిశ్చార్జి అయ్యేదాకా నా కంటే గట్టిగా చెప్పింది సత్యవతి గారు. "చీర కూడా ఎత్తి చూడండమ్మా, ప్యాడ్ మాట నమ్మకండి" అనేవారు.

ఆ మర్నాటి ఉదయం సంగతి ఒకటి మిగిలింది. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు, అబ్బాయికి నాలుగు. ఎనిమిదికల్లా మా అత్తగారు వాళ్లని పడుకోబెట్టేసేవారు కాబట్టి, రాత్రి సీరియల్లో ఏమైందో నేను పొద్దున్న జడ వేస్తూ చెప్పాలి. అది మాకు రోజూ ఉన్నదే. ఆ రోజు జడ మొదలుపెట్టకముందే ఎదురింటి వాళ్ల ఫోను నుంచి ఆసుపత్రికి చేశాను. ఆరో నంబరు రాత్రంతా బాగానే ఉందని, పొద్దున్నే కాఫీ అడిగిందని నైట్ సిస్టర్ చెప్పింది.

"అమ్మా, ఆ ఆంటీ బతికిందా?" అంది మా అమ్మాయి.

సీరియల్లో ఆంటీ సంగతి నాకు తెలియదని, మధ్యలో టీవీ కట్టేశారని చెప్పాను. మా వార్డులో ఇంకో ఆంటీకి నిజంగానే చాలా ప్రమాదమయిందని, ఆవిడ మాత్రం బతికిందని, కాఫీ కూడా అడిగిందని చెప్పాను.

"మరి మ్యూజిక్ వచ్చిందా?" అన్నాడు చిన్నాడు, ఇడ్లీ నోట్లో పెట్టుకుని.

"రాలేదు నాన్నా. ఆవలింత వచ్చింది. పక్కనున్న మామ్మ గారు చూశారు. అప్పుడు అమ్మ టీవీ చూస్తోంది" అని చెప్పాను.