సాక్సఫోన్ ఆగిన చోటు

నిన్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే మనవరాలు ఫోన్‌లో ఒక బాణీ పెట్టింది. మాటలు లేవు, సాక్సఫోన్ ఒక్కటే. కాసేపు పలికి టక్కున ఆగింది. నా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. కిటికీ బయట మంచు పడుతోంది. నేను లండన్‌లో ఉన్నానో, కృష్ణ ఒడ్డున మా పేట చర్చిలో ఉన్నానో తెలియలేదు. లండన్ అంటే రాణిగారిది కాదు, కెనడాలోది. మా చుట్టాలకు ఇది ఇప్పటికీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఆ బాణీ కట్టింది మా పక్కింటి పెద్దాయన. నల్లజాతివారు. వాళ్లను సినిమా హాళ్లలో వేరే వరసలో కూర్చోబెట్టే రోజుల్లో ఎదురు నిలిచిన ఒక నాయకుడికి నివాళిగా కట్టారు. వేరే వరస సంగతి నాకు విడమరచి చెప్పక్కర్లేదు. జాజ్ అంటే క్లబ్బు డాన్సు అనుకునేదాన్ని. ఇది ప్రార్థనలా ఉండేది. సాయంత్రం నేను తాలింపు వేస్తుంటే గోడ అవతల వాయించేవారు. ఒక వరస పలికించి, ఎవరో బదులివ్వాలన్నట్టు ఆగేవారు. ఆ నాయకుడు సభల్లో ఒక మాట అని ఆగితే జనం అందుకునేవారట. పెద్దాయన కచేరీల్లో మాత్రం అందరూ బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఆ ఖాళీలు తీసేయమని నిర్వాహకులు పోరేవారు.

"ఈసారి కూడా ఎవరూ పలకకపోతే తీసేస్తాను. తీసేస్తే ఇందులో ఆయనెక్కడుంటాడు?" అని ఒక కచేరీకి ముందు కంచె అవతల నుంచి మా అమ్మాయితో అన్నారట.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఈ దేశం వచ్చాక, జుట్టు నెరిశాక. మా పేటలో చాలామందికి చదువు లేదు. అందుకే చర్చిలో పాస్టరమ్మగారు ఒక చరణం చెప్పి ఆగితే మేం రాగం తీసి అందుకోవాలి. ఊరుకుంటే "ఏమ్మా, నోట్లో ముద్దుందా?" అనేవారు.

కచేరీ నాడు హాలు వెచ్చగా ఉంది. ఒళ్లో కోటు, కళ్ల మీద మగత. పెద్దాయన చెప్పిన సంగతే గుర్తులేదు. సాక్సఫోన్ ఒక వరస పలికి ఆగింది. నేను అందుకున్నాను, పేట చర్చిలో లాగే, గొంతెత్తి.

అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది. "అమ్మా, ఇది కాన్సర్టు. ఊరుకో."

"ఓ మై గాడ్, అమ్మమ్మా," అంటూ మనవరాలు సీట్లోకి జారిపోయింది.

ముందు వరసలవాళ్లు తిరిగి చూశారు. పెద్దాయన సాక్సఫోన్ దించి చీకట్లోకి చూశారు. తర్వాత అదే వరస మళ్లీ పలికించి ఆగారు. నా వెనక టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ అందుకుంది. ఆమె పక్కనెవరో మగగొంతు. మరోసారి ఆగేసరికి హాలంతా పలికింది. నా మణికట్టు వదలకుండానే మా అమ్మాయి కూడా సన్నగా కలిపింది.

ఇప్పుడు పెద్దాయనకు ఊపిరి చాలడం లేదు, వాయించడం మానేశారు. కాలేజీ పిల్లలు ఆ బాణీ వాయిస్తున్నారు, ఖాళీలన్నీ అలాగే ఉంచి. ఆ నాయకుణ్ణి నేనూ చూడలేదు, ఆ పిల్లలూ చూడలేదు. ఆయన పోయి ఎన్నేళ్లయినా, ఆయన ఆగిన చోట ఇంకా ఎవరో ఒకరు అందుకుంటూనే ఉన్నారు.