మీనాంబ చూసిన లోపలి దారి

కనకమ్మ సత్రం కూడలిలో తిరుత్తణి బస్సులు ఆగేచోట మీనాంబ అంబలి అమ్ముతుంది. ఒక కుండలో రాగి అంబలి, ఇంకో కుండలో సజ్జ అంబలి. నంజుకోవడానికి చిన్న ఉల్లిపాయలు, చల్ల మిరపకాయలు, ఆ రోజు ఏ ఆకు దొరికితే ఆ ఆకు వేపుడు. లారీవాళ్ళు, పొలాలకు పోయేవాళ్ళు, ఈమధ్య చెన్నై కార్లవాళ్ళు కూడా ఆగి తాగిపోతుంటారు. అందరూ దాన్ని కూళు అనే అంటారు.

ఇల్లు గడవక పెట్టిన కొట్టు కాదది. భర్త షణ్ముగానికి చేను ఉంది, కూతురు విద్యాలక్ష్మికి కంపెనీలో ఉద్యోగం ఉంది. మీనాంబను ఈ దారి పట్టించింది అక్క వరదమ్మ చావు. వరదమ్మకు విరేచనంలో రక్తం పడుతుంటే మొలలే అనుకుని చాలాకాలం నాటుమందు మింగింది. నొప్పి ఓర్చుకోలేక ఆసుపత్రికి పోయేసరికి పెద్దపేగులో పుట్టిన క్యాన్సర్ కాలేయం దాకా పాకిపోయింది. యాభై నిండకుండానే ఆమె వెళ్ళిపోయింది.

పీచు ఉన్న తిండి తింటే ఆ జబ్బు ముప్పు తగ్గుతుందని ఆ తర్వాత ఎవరో చెప్పగా మీనాంబ విన్నది. అంతే, వంటింటిని తిరగేసింది. తెల్లబియ్యం ఒక్క పూటకే మిగిలింది. రాగులు, సామలు, కొర్రలు, మునగాకు, పొన్నగంటి కూర వచ్చిచేరాయి. మొదట్లో షణ్ముగం గొణిగాడు. కానీ పొద్దుటి నడక, ఈ తిండీ కలిసి అతని షుగర్ బాగా దిగింది, డాక్టరే మాత్రలు తగ్గించాడు. అది చూసి మీనాంబ ఆశ్చర్యపోయింది. గింజకూ ఆకుకూ ఇంత బలముంటే పదిమందికీ పెట్టాలనిపించి కూడలిలో కుండలు దించింది.

పేరు పాకింది. "క్యాన్సర్ రానీయని కూళు" అన్నారు జనం. ఆ మాట ఆమె ఎన్నడూ అనలేదు. ఎవరైనా అంటే కాదనీ అనలేదు. లోలోపల మాత్రం గట్టిగా నమ్మింది.

తిరువాలంగాడులో ఆటో నడిపే యేసురత్నం రోజూ క్యానులో అంబలి పట్టుకుపోయేవాడు. ఒక పొద్దున వచ్చి, "అక్కా, ఇంకమీద రెండు పూటలకూ కూళు కావాల" అన్నాడు.

"ఏమప్పా, ఇంటికి చుట్టాలొచ్చినారా?"

"లేదక్కా. మా ఇంటామె వజ్రమ్మకు పేగులో గడ్డ ఉండాదన్నారు. క్యాన్సరంట. ఆలస్యం లేకుండా బిన్నా ఆపరేషన్ చేయాలంటా ఉండారు. అది పోనే పోనంటాది. మీనాంబక్క కూళు తాగితే కరిగిపోతాదంటాది."

మీనాంబ గరిటె కుండలో వదిలేసింది. "కరిగిపోతాదని ఎవరు చెప్పినారు?"

"అందరూ అంటా ఉండారు గదక్కా!"

ఆమె కుండల మీద మూతలు పెట్టింది. పక్క టీ అంగడి చంద్రుకు కొట్టు చూసుకోమని చెప్పి, యేసురత్నం ఆటోలోనే తిరువాలంగాడు వెళ్ళింది.

వజ్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది. "రా అక్కా. నీ కూళు తాగినాకనే కడుపు చల్లగా ఉండాది" అంది.

"చల్లగా ఉంటాది వజ్రమ్మా. ఆకలి తీరుస్తాది, ఒంటికి మంచిది. పుట్టిన గడ్డను మాత్రం అది కరిగించలేదు. మా అక్కా ఇట్లనే కూచోని మందాకు నూరుకునింది. ఆమె ఇప్పుడు యాడుంది?"

వజ్రమ్మ కళ్ళు నిండాయి. "కత్తంటే భయమక్కా."

"భయంగానే ఉంటాది. నేనూ నీతో వస్తా. లే."

ముగ్గురూ తిరువళ్ళూరు ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు కవిప్రియ చిన్న వయసుది. తమిళంలో మొదలుపెట్టి, వీళ్ళ మాట విని తెలుగులోకి మారింది. గడ్డ ఇంకా పేగు దాటలేదని, కోసి తీసేస్తే బాగుపడే వీలు చాలా ఉందని నిదానంగా చెప్పింది. వజ్రమ్మ మీనాంబ చెయ్యి వదలకుండానే తలూపింది.

"మీరు ఆమెకు ఏమవుతారు?" అని డాక్టరు అడిగింది.

మీనాంబ తన కొట్టు సంగతి, అక్క సంగతి చెప్పింది. డాక్టరు ముఖం మారింది. "సొంత అక్కకు, అంత చిన్న వయసులోనా? మరి మీరు పరీక్ష చేయించుకున్నారా?"

"నాకేమమ్మా? నేను తినేదంతా రాగులూ ఆకులే."

"రొంబ మంచిది, అది విడవద్దండి. ఆ తిండి వల్ల ముప్పు తగ్గతాది. తగ్గతాది గానీ పూర్తిగా పోదు. మీ ఇంట్లో ఈ జబ్బు ఉండాది గనక గొట్టం పెట్టి పేగు లోపల ఒకసారి చూడాల."

మీనాంబకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్ళ నమ్మకాన్ని ఎవరో తక్కువ చేసినట్టనిపించింది. ఇంటికెళ్ళి విసుక్కుంది కూడా. "చూపించుకుంటే పోయేదేముందిమా?" అని విద్యాలక్ష్మి ఊరుకోలేదు. చివరికి మీనాంబ ఒప్పుకుంది. వాళ్ళిచ్చిన మందునీళ్ళు తాగి, కడుపంతా కడిగేసుకుని, పరీక్ష బల్లమీద పక్కకు తిరిగి పడుకుంది.

"నేనూ చూడొచ్చునామ్మా?" అని అడిగింది. కవిప్రియ నవ్వి, తెరను ఆమెవైపు తిప్పింది.

సన్నటి గొట్టం చివర దీపం వెలిగింది. తెరమీద ఒక దారి తెరుచుకుంది. లేత గులాబి రంగు గోడలు, తడితో మెరుస్తున్నాయి. మడత వెనక మడత, గుమ్మం వెనక గుమ్మంలా లోపలికి, ఇంకా లోపలికి. గోడల నిండా తమలపాకు ఈనెల్లాగా సన్నటి ఎర్రటి నరాలు. ఉన్నట్టుండి గోడలు మెల్లగా ముడుచుకున్నాయి, మళ్ళీ విచ్చుకున్నాయి. ఎవరూ చెప్పకుండానే, ఎవరూ చూడకుండానే అవి వాటి పని చేసుకుంటున్నాయి.

"ఇది నేనేనా?"

"మీరే."

నొప్పి ఉందో లేదో మీనాంబకు తెలియలేదు. ఇన్నేళ్ళూ తాను తాగిన అంబలి, నమిలిన ఆకు, అంతా ఈ దారినే నడిచిందా! తాను నిద్రపోతున్నప్పుడు కూడా ఇది మేలుకునే ఉందా! పుట్టినప్పటినుంచీ తనతోనే ఉన్నదాన్ని ఇప్పుడే మొదటిసారి చూస్తోంది. కళ్ళనుంచి నీళ్ళు చెవిలోకి జారాయి.

ఒక మలుపులో దీపం ఆగింది. అక్కడ కాడతో సహా పుట్టగొడుగులాంటిది ఒకటి మొలిచి ఉంది.

"పిలక లాంటిది. చూస్తే క్యాన్సర్ లాగా లేదు" అంది కవిప్రియ. "వదిలేస్తే కొన్నేళ్ళకు అట్లా మారినా మారచ్చు." సన్నటి తీగ ఉచ్చులా వచ్చి కాడ చుట్టూ బిగిసింది. చీమ కుట్టినట్టు కూడా అనిపించలేదు. ఆ చోట తెల్లటి మచ్చ మాత్రం మిగిలింది.

"నా తిండి దీన్ని ఆపలేకపోయిందా అమ్మా?"

"ఆ తిండి లేకుంటే ఇంకా ఎన్ని పుట్టేవో. పుట్టేవి కావేమో కూడా. ఆ సంగతి ఎవరూ చెప్పలేరు. మీరు తినేది తినండి, మేము చూసేది చూస్తాము."

పరీక్షకు పంపిన ఆ ముక్కలో క్యాన్సర్ లేదని తేలింది. ఆ కబురు విని బయటికొచ్చిన మీనాంబ బస్టాండులో నిలబడిపోయింది. బజ్జీలు తినే కుర్రాళ్ళు, పూలమ్మే ముసలామె, అరుస్తున్న కండక్టరు. అందరి లోపలా అలాంటి వెలుగులేని దారి ఒకటి, చప్పుడు లేకుండా పనిచేస్తూనే ఉంది. ఆమెకు అందరికీ దణ్ణం పెట్టాలనిపించింది. రెండు బస్సులు వెళ్ళిపోయినా తెలియలేదు.

వజ్రమ్మ ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళు గంజితో గడిపి, డాక్టరు సరేనన్నాక మళ్ళీ అంబలి మొదలుపెట్టింది. కొట్టు దగ్గర ఎవరైనా "క్యాన్సర్ రానీయదంట గదా?" అంటే మీనాంబ ఇప్పుడు గరిటె ఆపి, "మంచిదే, తాగు. దొడ్డికి పోయేటప్పుడు రక్తం పడినా, ఇంట్లో ఎవరికన్నా ఆ జబ్బు ఉన్నా ఆసుపత్రికి పో" అని చెప్పి మరీ పోస్తుంది.

తిరుత్తణిలో పచారీ అంగడి పెట్టుకున్న తమ్ముడు జనార్ధనం మిగిలాడు. అతనికీ వరదమ్మ సొంత అక్కే. మీనాంబ వెళ్ళి విషయమంతా చెప్పి పరీక్ష చేయించుకోమంటే, అతను పప్పు తూస్తూ, "అంతగా ఏముండాదక్కా ఆడ చూసేదానికి?" అని తీసిపారేశాడు.

మీనాంబ అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "కొండమీద సామి ముందర తెర తీస్తారే, అప్పుడు మనమేమన్నా మాట్లాడతామా జనార్ధనా? అట్లుండాది" అంది.

జనార్ధనం అక్క ముఖంలోకి చూశాడు. పిల్లప్పటినుంచీ ఎరిగిన ముఖమే, కానీ ఆ కళ్ళను అలా ఎప్పుడూ చూడలేదు. పప్పు పొట్లం కట్టి కొనడానికొచ్చిన మనిషికి ఇచ్చి, "ఎప్పుడు పోవాల?" అని అడిగాడు.