పొద్దు కుంకని ఊళ్ళో గంట ఎవరు కొడతారు

ఆ రోజుల్లో నిత్యత్వం పొడవు తప్ప తక్కిన పొడవులన్నీ నాకు తెలుసుననుకునేవాడిని. మార్కాపురం దగ్గరి మా పలకల గని నుంచి నేను పెండ్లి మాటకు వెళ్ళిన పల్లె గుడికి రెండుంబావు మైళ్ళు. నడిస్తే నలభై మూడు నిమిషాలు, ఎద్దుబండిలో ఒక గంట రెండు నిమిషాలు (అయినా బండే ఎందుకు ఎక్కానో చెబుతాను). జనవరి మొదటి ఆదివారం ఉదయం తొమ్మిది గంటల ఎనిమిది నిమిషాలకు ఆ గుడి ముందు దిగాను. నాకప్పుడు ఇరవైమూడేళ్ళు. మద్రాసులో ఓవర్సీరు చదువు ముగించి గనిలో చేరి పద్నాలుగు నెలలైంది. మా క్రైస్తవ సంఘాల్లో ఒక వాడుక ఉండేది: పెండ్లి ఖాయం చేసే ముందు పెండ్లికొడుకు అమ్మాయి ఊరి గుడిలో నిలబడి తన విశ్వాసాన్ని గురించి సాక్ష్యం చెప్పాలి. విని ఆ ఇంటి పెద్ద తల ఊపితే పెండ్లి. ఊపకపోతే భోజనం పెట్టి సాగనంపుతారు. నేను మనసుపడ్డ అమ్మాయి మా గనిలోనే పలకలు రుద్దేది. నవ్వితే ముక్కు మీద పలకపొడి మెరిసేది. ఆ తల ఊపు లేకపోతే నేను బతకలేనని లెక్క తేలింది.

ఆ ఇంటికి పెద్ద, అమ్మాయి వాళ్ళ అవ్వ. గని తెరిచిననాటి నుంచి రాయి చీల్చిన మనిషి. అందరూ ఉలి అవ్వ అనేవారు. ఆ పల్లె యావత్తూ మా గని కూలీలే. సాయంకాలం, గంటకు బదులు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను సుత్తితో కొట్టి వారిని పని దింపడం నా విధి. నేను రాకముందు పొద్దు కుంకగానే కొట్టేవారు. పొద్దు రోజుకొక వేళకు కుంకడం నాకు క్రమశిక్షణా లోపంగా తోచింది. ఏడాదిపాటు గమనించి, సగటు తీసి, ఆరు గంటల పది నిమిషాలని స్థిరపరిచాను. (వేసవిలో అరగంట వెలుగుండగానే వదులుతానని కాగితం మీద చూపించాను కూడా. అమలు పెట్టింది నవంబరులో. వేసవి ఇంకా రాలేదు.)

సాక్ష్యానికి నేనెన్నుకున్న అంశం నిత్యత్వం. దాన్ని కంటికి కనిపించేలా చూపాలని ఒకటిన్నర మణుగుల పలకరాయిని బండిలో తెచ్చాను. "ఒక్కొక్క పొర వెయ్యేళ్ళనుకోండి" అని ఉలి ఆనించి కొట్టడం మొదలుపెట్టాను. పుట్టింది మొదలు రాయి చీల్చేవారి ముందు రాయి చీల్చడమంటే ఏమిటో నాకు మూడో పొర దగ్గర అర్థమైంది.

"ఉలి అట్ల కాదు పట్టేది, మామా" అన్నాడు ముందు చాపమీది యువకుడు.

"పట్టనీలేరా. వెయ్యేండ్లున్నాయి గదా, నేర్చుకుంటాడు" అన్నాడొక పెద్దాయన.

పదిహేడో పొర దగ్గర రాయి రెండు ముక్కలైంది, నా బొటనవేలి గోరు నల్లబడింది. "పద్నేడువేల ఏండ్లకే అయిపోయినాది" అని ఎవరో నిట్టూర్చారు. తడబాటులో రాయిని వదిలి లేఖనాన్ని పట్టుకున్నాను: పరలోకంలో రాత్రి ఉండదు, పొద్దు కుంకదు.

ఉలి అవ్వ కొంగు సర్దుకుంది.

"పొద్దు కుంకకపోతే పని ఎప్పుడు దిగేది నాయనా?"

"అక్కడ పని ఉండదవ్వా. స్తుతిగీతాలు పాడుతుంటారు."

"ఎంతసేపు?"

"ఎప్పటికీ."

"నిలబడా, కూచోనా?"

(ఈ కొలత నా దగ్గర లేదు.)

"మరి గంట ఎవరు కొడతారు?"

"గంటే ఉండదు."

"ఈడనే చీకటి పడినాక గదా కొడతావుండావు. ఆడ అసలుకే కొట్టవా?" అన్నాడు పెద్దాయన. "ఈయన్నే ఆడికి గూడా ఓవర్సీరుగా ఏసినట్టుంది" అన్నాడు యువకుడు. గుడి అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో, నవ్వు ఆపుకోవడమో నేటికీ నిర్ధారణ కాలేదు. అవ్వ మాత్రం గంభీరంగా అంది: "ఇన్నేండ్లు పరలోకం పోదామనే కూచోనుంటి. నువ్వు చెప్పినాక ఆలోచన చేయాల."

నా పెండ్లి కళ్ళముందే చీలిపోతోంది. అప్పుడు ఆడవాళ్ళ వరుస వెనకనుంచి అమ్మాయి గొంతు వినిపించింది: "భయపడాకు అవ్వా. ఓవర్సీర్లుంటే దాన్ని పరలోకమని ఎందుకంటారు?"

నవ్వు నా గడియారం ప్రకారం మూడున్నర నిమిషాలు సాగింది. రెండో నిమిషంలో నేనూ కలిశాను. అయ్యగారు కళ్ళు తెరిచి మరీ నవ్వారు.

"అయితే నువ్వు యాడికి పోతావు నాయనా?" అంది అవ్వ, కళ్ళు తుడుచుకుంటూ.

లెక్క వేయకుండా నోటికొచ్చింది చెప్పాను: "మీరంతా ఉండేచోటికే వస్తానవ్వా. కావాలంటే గడియారం బయట పెట్టి వస్తాను."

"బయటెందుకు, ఈడ పెట్టు" అని అవ్వ కొంగు పట్టింది. "రేపట్నుంచి పొద్దు కుంకితే కొట్టు."

గడియారం విప్పి వేశాను. అవ్వ దాన్ని ముడివేసుకుని, తల ఊపింది. మర్నాడు పొద్దు కొండ వెనక్కి జారగానే పట్టా కొట్టాను. ఎన్ని గంటలకో నాకు తెలియదు. వేళ తెలియకుండా నేను చేసిన మొదటి పని అదే. పలకలు రుద్దేచోట ఒక ముక్కు మెరిసింది.

ఆ అమ్మాయి, నా భార్య, నాకంటె ముందు వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. అక్కడ ఓవర్సీర్లను రానిస్తారో లేదో ఆమెకిప్పుడు తెలిసే ఉంటుంది; నిత్యత్వాన్ని గురించి నేను నమ్మేదల్లా, ఆ సంగతి చెప్పడానికి ఆమె గుమ్మం దగ్గర కనిపిస్తుందనే. రాయి ముందు చెమటలు కక్కిన ఆ ఇరవైమూడేళ్ళ కుర్రవాణ్ణి తలచుకుంటే, పక్కన కూర్చుని ఉలి పట్టుకోవడం చూపించాలనిపిస్తుంది.

ఆనాటి నష్టాలు: పలకరాయి ఒకటి. చేతి గడియారం ఒకటి. ఎడమ బొటనవేలి గోరు ఒకటి, తర్వాత మొలిచింది. నిత్యత్వానికి నిర్వచనం ఒకటి, మళ్ళీ దొరకలేదు.