గడ్డం కెప్టెన్ లేని సినిమాకు నా గొంతు

2002 అక్టోబరులో, దీపావళికి విడుదల కాబోతున్న ఒక డబ్బింగ్ సినిమాకు మైకు ప్రచారం చదివే పని నాకు అప్పగించారు. మచిలీపట్నం, గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ, ఈ నాలుగు కేంద్రాలకూ ఒకే గొంతు. అప్పటికి నేను ఎనిమిదేళ్ళుగా ఆ పనిలో ఉన్నాను. మా పెద్దమ్మాయి అప్పుడు నాలుగో నెల పసిపాప.

ఆ పనికి హోదా అంటూ ఏమీ లేదు. బి.ఎ. పాసైన ఆడపిల్ల కదా, ఉచ్చారణ బాగుంటుందని పిలిచారు. అంతే. ఊళ్ళో అందరికీ నేను ‘మైకమ్మాయి’ని. రెండో కాన్పు తర్వాత, ముప్పై రెండేళ్ళకే ఆ పని నుంచి తప్పుకున్నాను. మైకు ఆటోలే తగ్గిపోతున్న ఈ రోజుల్లో, ఆ పని ఎలా జరిగేదో తెలుసుకోవాలనుకునే వాళ్ళ కోసం, పిల్లలిద్దరూ నిద్రపోయాక ఇది రాస్తున్నాను. చల్లబడి రాయాలనే అనుకున్నాను. కానీ ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే వస్తుంది.

పద్ధతి ఇది. బందరు బస్టాండు దగ్గర బాజీ గారి రికార్డింగ్ గది ఉండేది. అక్కడ నేను చదివితే ఆయన మాస్టర్ క్యాసెట్టు తయారు చేసేవారు. దాని నుంచి కాపీలు తీసి ఒక్కో ఊరికి ఒక్కోటి పంపేవారు. ఆటో మీద రెండు మైకు హారన్లు, లోపల క్యాసెట్ ప్లేయరు. ఆటో ఒక ఇంటి ముందు నుంచి దాటిపోయేలోపు ఆ గుమ్మంలో నిలబడ్డ మనిషికి రెండు మూడు వాక్యాలకు మించి వినపడవు. అందుకని మా పనిలో మొదటి నియమం, ప్రతి వాక్యమూ పొట్టిగా ఉండాలి, ముందూ వెనకా వినకపోయినా దానంతట అది అర్థమవ్వాలి. వాక్యానికీ వాక్యానికీ నడుమ కాస్త ఖాళీ ఇవ్వాలి. ఆ ఖాళీలో బాజీ గారు సంగీతం కలిపేవారు. ఈ నియమమే నా మెడకు చుట్టుకుంటుందని అప్పుడు తెలియదు.

సినిమాలు కాక, ఎమ్మార్వో ఆఫీసు వాళ్ళూ నాతోనే చదివించేవారు. పోలియో చుక్కలు, మంచినీళ్ళు కాచి తాగమనడం, వాయుగుండం పడితే వేటకు వెళ్ళొద్దనడం. ఊరికి అలవాటైన గొంతు అయితే జనం ఆగి వింటారని వాళ్ళ ఆలోచన. నిజంగానే వినేవారు.

సినిమా పేరు ‘ఆకాశద్వీపం’. ఊరంత నౌక ఒకటి చుక్కల మధ్య తిరుగుతూ, ఆపదలో ఉన్న గ్రహాల వాళ్ళను ఎక్కించుకుంటూ పోతుంది. దాని కెప్టెన్‌కు నెరిసిన గడ్డం. నేను కాలేజీలో చేరకముందు నుంచీ ఆ వరసలో ఐదు సినిమాలు వచ్చాయి. మా తీరంలో ఆడినంత బాగా అవి ఇంకెక్కడా ఆడలేదని పంపిణీదారు మనిషి శేషగిరి గారే అనేవారు. ఆశ్చర్యం లేదు. నౌక, కెప్టెన్, దారి తప్పడం, తుఫాను, వెనక్కి రాని వాళ్ళ కోసం ఎదురు చూడటం, పడవల మీద బతికే వాళ్ళకు ఇందులో కొత్తేముంది? బందరు రేవు గిలకలదిండిలో ఒక మరపడవ మీద ఆ నౌక బొమ్మ వేయించుకున్నారు కూడా.

ఐదో సినిమా తర్వాత ఆ ముసలి నటుడు విరమించుకున్నాడు. కొన్నేళ్ళు వరస ఆగిపోయింది. తర్వాత కంపెనీ వాళ్ళు మొత్తం కొత్త నటులతో మళ్ళీ మొదలుపెట్టారు. కథ వెనక్కి వెళ్తుంది. కెప్టెన్ ఇంకా పాతికేళ్ళ కుర్రాడు, నున్నటి మొహం. వంటవాడు, డాక్టరు, నౌక నడిపే అమ్మాయి, అందరూ పాత పాత్రలే, ముఖాలే కొత్తవి. నాకు ఆ ఆలోచన నచ్చింది. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే నా కోపం కొత్త నటుల మీద కాదు.

నేను రాసుకున్న ప్రకటన ఇలా సాగింది: “అదే నౌక. అదే కెప్టెన్. కానీ ఆయనకింకా గడ్డం రాలేదు. పాతికేళ్ళప్పుడు ఆయన ఎలా ఉండేవారో చూడండి. నటులందరూ కొత్తవారు.” చివరి వాక్యం తీసేయమని శేషగిరి గారు అడిగారు. జనానికి తెలియాలి కదండీ అన్నాను. ఆయన నవ్వి, “సర్లేమ్మా, నీ ఇష్టం” అన్నారు. పాపను ఒళ్ళో పెట్టుకుని, అది ఏడవకముందే చదివి ముగించి ఇంటికొచ్చాను.

విడుదల రోజు పొద్దున్నే మా వీధిలోకి ఆటో వచ్చింది. పాపకు నీళ్ళు పోస్తున్నాను. నా గొంతు వినిపించింది: “అదే నౌక. అదే కెప్టెన్. మీ అభిమాన గడ్డం కెప్టెన్ మళ్ళీ మీ ముందుకు వచ్చేశారు.”

చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఆ ప్రకటనలో ఆ మాట నేను చదవలేదు. కానీ గొంతు నాదే, సందేహం లేదు. ఆటో వీధి చివర తిరిగి మళ్ళీ వచ్చేదాకా ఆగి, ఈసారి జాగ్రత్తగా విన్నాను. ‘గడ్డం కెప్టెన్’ తర్వాత చిన్నగా ఊపిరి తీసుకున్న చప్పుడు ఉంది. మామూలుగా అంత చిన్న వాక్యానికి నాకు నడుమలో ఊపిరి అక్కర్లేదు. ఎనిమిదో నెలలో అక్కరపడింది. ఆ వేసవిలో, కొత్త సినిమా రాబోతోందని ఐదో భాగాన్ని మార్నింగ్ షోలకు మళ్ళీ వేశారు. దానికి నేను కడుపుతో ఉండి చదివిన వాక్యం అది. అప్పుడది నిజం. దాన్ని అక్కణ్ణించి కోసి ఇక్కడ అతికించారు. ‘నటులందరూ కొత్తవారు’ తీసేశారు. పొట్టి వాక్యం, రెండు పక్కలా ఖాళీ. ఎక్కడైనా ఇట్టే అతుకుతుంది.

మ్యాట్నీ సగంలోనే బందరులో గోల మొదలైందట. గడ్డమాయన ఇప్పుడొస్తాడు, ఇంటర్వెల్ తర్వాత వస్తాడు అని చూసి చూసి, చివరికి సీట్లు కోశారు. గుడివాడలో ఆపరేటర్ గది తలుపు బాదారు. అవనిగడ్డలో గొడవేమీ జరగలేదు, జనం మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయారు. నాకు అదే ఎక్కువ బాధ కలిగించింది.

మర్నాడు నాంచారమ్మ వచ్చింది. గిలకలదిండి నుంచి మా వీధికి చేపలు తెచ్చే మనిషి. గంప దించలేదు.

“ఏమ్మా మైకమ్మాయ్, గెడ్డపాయన ఏడీ? మీ ఇంట్లో దాచావా?”

నేను ఏదో చెప్పబోయాను.

“మా ఆయన ఏట మానుకుని కూకున్నాడు ఆ సినిమా కోసం. మా ఆడబిడ్డ పిల్లల్నేసుకుని ఎదురుమొండి కాణ్ణించి పంటు మీద ఏరు దాటి, బస్సెక్కి అవనిగడ్డ ఎళ్ళింది. తీరా చూత్తే మీసం రాని కుర్రోడు. ఈడు కెప్టెనంట. ఈడికి సైకిలిచ్చినా గోడకి గుద్దేత్తాడు.”

“ఆ మాట నేను చెప్పలేదు నాంచారమ్మా. పాత క్యాసెట్టులోది కోసి కలిపారు.”

“మా బాగా చెప్పావ్. ఆ గొంతు నీది కాపోతే మీ అత్తగారిదా?”

లోపల మా అత్తయ్యగారు నవ్వాపుకోవడం నాకు వినపడింది. నాంచారమ్మ మాత్రం నవ్వలేదు. ఆ రోజు మాకు చేపలివ్వకుండానే వెళ్ళిపోయింది.

పాపను ఎత్తుకుని బాజీ గారి గదికి వెళ్ళాను. శేషగిరి గారూ అక్కడే ఉన్నారు, రెండో వారం పోస్టర్ల గురించి మాట్లాడుకుంటున్నారు. బాజీ గారు నన్ను చూసి తల దించుకున్నారు. “డబ్బులిచ్చే పార్టీ ఆయన, చెల్లెమ్మా. కలపమన్నారు, కలిపాను” అన్నారు.

శేషగిరి గారు తడుముకోలేదు. “అబద్ధం ఎక్కడుందమ్మా? ఆ మాటలన్నీ నువ్వు చదివినవే కదా.”

“చదివింది వేరే సినిమాకండీ.”

“సినిమా వేరు కావచ్చు. కెప్టెన్ ఆయనే. వేషం మారలేదు, మనిషి మారాడు. పౌరాణికాల్లో రాముడి వేషం ఎప్పుడూ ఒకడే వేస్తున్నాడా?”

“వేసేది ఎవరో టిక్కెట్టు కొనకముందే చెప్తారండీ. మీరు గడ్డం ఉందని చెప్పి గడ్డం లేనివాణ్ణి చూపించారు. అదీ నా నోటితో.”

“గడ్డం మీద ఇంత గొడవా?” అని ఆయన బాజీ గారి వైపు చూసి నవ్వారు. “పసిపిల్ల తల్లివి, ఇంత ఆవేశం పనికిరాదమ్మా. పాలు విరిగిపోతాయి.”

ఆ మాట ఆయన ఎగతాళికి అన్నారు. నేను మాత్రం ఆ రాత్రంతా దానికీ భయపడ్డాను, అప్పుడు నా పరిస్థితి అలాంటిది. కానీ అక్కడ భయం చూపించలేదు. నిజం చెప్తూ మళ్ళీ ఒక క్యాసెట్టు ఇస్తాను, నాలుగు ఊళ్ళలోనూ తిప్పించండి అన్నాను. కుదరదన్నారు. అయితే మీ సినిమాలకు ఇక చదవనన్నాను. చదివేవాళ్ళు బోలెడుమంది ఉన్నారన్నారు. నా పాత మాస్టర్లన్నీ చెరిపేయమని బాజీ గారిని అడిగాను. ఆయన శేషగిరి గారి మొహం చూశారు. ఎనిమిదేళ్ళు నేను చదివిన వాటిలో ఒక్కటీ నాది కాదని నాకు అప్పుడు అర్థమైంది.

అక్కడితో ఆగి ఉంటే ఇది సినిమా వాళ్ళ మోసం అని సరిపెట్టుకునేదాన్ని. నవంబరు చివర్లో బంగాళాఖాతంలో వాయుగుండం పడింది. అది తుఫానుగా మారి మన వైపే రావచ్చని ఎమ్మార్వో ఆఫీసు నుంచి కబురొచ్చింది. తీరం పక్క పాలెంల వాళ్ళు సాయంత్రంలోగా షెల్టర్లకు చేరాలని చదివి ఇచ్చాను. ఆటోలు వెళ్ళాయి.

మధ్యాహ్నం ఆఫీసు గుమాస్తా మా ఇంటికే వచ్చాడు. గిలకలదిండిలో ఎవరూ కదలడం లేదన్నాడు. ఆటో వెనక పిల్లలు పరిగెడుతూ, “గెడ్డపాయన వచ్చాడు, తుఫానొచ్చింది” అని పాటలా పాడుతున్నారట. పెద్దవాళ్ళు గుమ్మాల్లో నిలబడి నవ్వుతున్నారట. దివిసీమలోనూ రెండు మూడు చోట్ల ఇదే వరస అని ఫోన్లు వచ్చాయట. “మగగొంతుతో ఇంకో క్యాసెట్టు చేయిద్దామంటే టైము లేదండీ” అన్నాడు.

డెబ్బై ఏడు ఉప్పెనలో మనుషులు కొట్టుకుపోయిన నేల ఇది. ఆ ఏడు ఇళ్ళు పోగొట్టుకున్న వాళ్ళ పిల్లలు, సముద్రం వస్తోందంటే నవ్వుతున్నారు. ఎందుకు? ఒక సినిమాకు మొదటి మూడు రోజులు జనం రావాలని ఒక మనిషి ఒక వాక్యాన్ని కోసి ఇంకోచోట అతికించినందుకు.

పాపను మా అత్తయ్యగారికిచ్చి, పాలసీసా ఎక్కడుందో, జ్వరం మందు ఎక్కడుందో నాలుగుసార్లు చెప్పాను. “ఎళ్ళవమ్మా, నేనూ పిల్లల్ని పెంచినదాన్నే” అని ఆమె విసుక్కున్నారు. గుమాస్తాతో కలిసి ఆటోలో కూర్చున్నాను. క్యాసెట్టు తీసేయించి మైకు చేతిలోకి తీసుకున్నాను. గాలి అప్పటికే తిరిగింది. సన్నటి జల్లు.

గిలకలదిండిలో నాంచారమ్మ ఇంటి ముందు ఆపించాను. ఆవిడ వాకిట్లో వలలు మడత పెడుతోంది. ఆటో దిగి, ఆవిడకు నా నోరు కనపడేలా నిలబడి చదివాను. మొదట పేరుపెట్టి పిలిచాను. ఆ రోజు తారీఖు చెప్పాను. తర్వాత హెచ్చరిక.

నాంచారమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “ఇది నువ్వే చెప్తున్నావా, ఎవరన్నా కోసి పెట్టారా?”

“నేనే చెప్తున్నాను. కనపడుతోంది కదా.”

“చంటిదేది?”

“ఇంట్లో ఉంది.”

“చంటిదాన్ని ఇంట్లో పెట్టి ఈ గాలిలో ఇంత దూరమొచ్చావా?” అని చేతిలోని వల పక్కన పెట్టింది. తర్వాత లోపలికి కేకేసింది. “ఏవయ్యో, లే. బియ్యం మూట తియ్యి. ఈ పిల్ల మాట ఈ ఒక్కసారికి ఇందాం.”

వీధి వీధికీ అలాగే దిగాను, అలాగే చదివాను. చీకటి పడేసరికి అక్కడి వాళ్ళు చాలామంది కదిలారు. అందరూ కాదు. దివిసీమలో నేను దిగి చెప్పలేని చోట్ల ఎంతమంది ఉండిపోయారో నాకు తెలియదు.

తుఫాను రాత్రికి ఉత్తరంగా తిరిగి, దూరంగా ఎక్కడో తీరం దాటింది. మాకు గాలీ వానా తప్ప ఏమీ కాలేదు. అయ్యో, ఇదీ అబద్ధమేనా అని కొందరన్నారు. శేషగిరి గారు బజారులో మావారికి ఎదురై, “మీ ఆవిడ గడ్డం లేని తుఫాను తెచ్చింది” అన్నారట. మావారు నవ్వి ఊరుకున్నారట. ఆ నవ్వు వల్ల మా ఇంట్లో కొన్నాళ్ళు మాటల్లేవు.

ఆ తర్వాత నేను సినిమాలకు చదవలేదు. ఎమ్మార్వో ఆఫీసుకు ఇంకో ఏడాదిన్నర చదివాను, రెండు షరతుల మీద. ప్రతి వాక్యంలోనూ అది ఏ విషయమో, ఏ తారీఖుదో ఉండాలి. వాక్యాల మధ్య ఖాళీ ఉండకూడదు, వెనక సంగీతం ఉండకూడదు. వినడానికి అది అందంగా ఉండదు. గుమ్మంలో నిలబడ్డ మనిషికి చెప్పిందే మళ్ళీ చెప్తున్నట్టుంటుంది. కానీ దాన్ని కోసి ఇంకెక్కడా అతికించలేరు.

ఈ పనిలోకి వచ్చే వాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. సినిమాకు జనాన్ని పిలిచే గొంతు, సముద్రం వస్తోందని జనాన్ని లేపే గొంతు ఒకటే కాకూడదు. మొదటిదాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. కొనుక్కున్నవాడు ఏం చేస్తాడో చదివిన మనిషికి చెప్పడు.