సౌనా గదిలో ఏడో నంబరు

అల్లిన మేజోడులో ఒక్క కుట్టు తప్పినా మొత్తం విప్పేసి మళ్ళీ మొదలెట్టే రకం హిల్లెవి. ఫిన్లాండ్ ఉత్తరపు అడవుల్లో, ఇరవైమంది పిల్లలున్న బడిలో ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పి, యాభై మూడో ఏట పీహెచ్‌డీలో చేరింది. ఇరవై ఏళ్ళ తర్వాత ఊరి బడి ఎలా ఉంటుందన్నది అంశం. దాన్ని ఏ పద్ధతిలో పరిశోధించాలో నెలాఖరులోగా తేల్చి గైడుని ఒప్పించకపోతే సీటు పోతుంది. ఇప్పటికే రెండుసార్లు గడువు పెంచారు.

చివరికి డెల్ఫీ పద్ధతి పట్టుకుంది. బడి సంగతి తెలిసిన పన్నెండుమందికి, ఊళ్ళోని ఆడవాళ్ళకే, విడివిడిగా ప్రశ్నలు పంపాలి. ఎవరు రాస్తున్నారో ఒకరికొకరికి తెలియకూడదు. అప్పుడే మొహమాటం లేకుండా మనసులో మాట బయటికొస్తుంది. పేర్లకు బదులు నంబర్లిచ్చి, జాబితా బీరువాలో పెట్టి, తాళంచెవి పిండిడబ్బాలో దాచింది.

పన్నెండు జవాబులూ ఒకటే: "యంత్రాలు పెరుగుతాయి, టీచరు మాత్రం ఉండాలి." హిల్లెవి ఉబ్బిపోయి గైడు ప్రొఫెసర్ అహ్తోలాకి ఆ సంగతి రాసేసింది కూడా.

గురువారం ఊరి సౌనాలో, అంటే అందరూ కలిసి ఆవిరిస్నానం చేసే గదిలో, ఆడవాళ్ళ వంతు. వేడిరాళ్ళ మీద చెంబుడు నీళ్ళు పోసి పైమెట్టు మీద కూర్చుందో లేదో, కొట్టు నడిపే సైమి అందుకుంది.

"నీ మూడో ప్రశ్న అర్థమై చావలేదే హిల్లెవీ. నాది ఏడో నంబరు కదా, ఐదో నంబర్ని అడిగి రాశా."

"ఐదు నేనే," అంది బడి వంటామె కైసు, అక్కడి అలవాటు ప్రకారం ఆకుల మండతో వీపు కొట్టుకుంటూ. "కిందటి వారం నువ్వు రాలేదు గానీ, ఇక్కడే అందరం ఒక మాట అనుకున్నాం. తలో రకంగా రాస్తే పెద్ద చదువుల వాళ్ళ ముందు నీకే కదమ్మా నామోషీ."

ఒంటి మీద నూలుపోగు లేనిచోట రహస్యం ఎక్కడ దాక్కుంటుంది? హిల్లెవి ముఖం ఎర్రబడితే వేడికనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ప్రొఫెసర్‌కి ఫోను చేసి, ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"పద్ధతి మారుస్తాను. పది రోజులివ్వండి."

"పది రోజుల్లో అయ్యే పనేనా?"

"విప్పడం నాకు అలవాటే."

మంగళవారం పన్నెండుమందినీ బడి భోజనాల గదికి పిలిచింది. ఈసారి ప్రశ్నల్లేవు. మొదటి వాక్యం ఇచ్చి కథ పూర్తి చేయమంది. సగంమందికి, "ఇరవై ఏళ్ళ తర్వాత ఒక సాయంత్రం మీ మునిమనవరాలు బడి నుంచి నవ్వుతూ వచ్చింది." మిగతావాళ్ళకి అదే వాక్యం, కాకపోతే "ఏడుస్తూ". రెండు రకాలున్నాయని చెప్పలేదు.

"కాఫీ ఏదే?" అంది సైమి.

"కాగితం నా చేతికిచ్చాక. పక్కకి చూస్తే బిస్కట్టు కూడా లేదు."

కాఫీ దగ్గర గుట్టు బయటపడింది. సైమి కథలో పిల్ల నవ్వింది. బడి భవనమే లేదు, పాఠాలు కొట్టు వెనకగదిలో.

"అంటే నా వంటిల్లు ఎత్తేశావన్నమాట," అంది కైసు. ఆమె కథలో పిల్ల ఏడ్చింది, బడిలో వేడి సూపు పెట్టేవాళ్ళు లేక.

పదో రోజున ప్రొఫెసర్ ఆ కాగితాలన్నీ తిరగేశాడు. "ఈ జవాబుల్ని నమ్మొచ్చంటారా?"

"నమ్మొచ్చు. మంగళవారం నుంచి ఏడూ ఐదూ మాట్లాడుకోవడం లేదు."

ఆయన సంతకం పెట్టాడు. ఆ గురువారం సౌనాలో హిల్లెవి వెళ్ళి సరిగ్గా సైమికీ కైసుకీ మధ్యన కూర్చుంది.