పచ్చ చీటీ చెప్పింది నేనే

పండూ,

నిన్న మధ్యాహ్నం నీ నంబర్ నుంచే ఫోన్ వచ్చింది. నువ్వే అనుకున్నాను.

నీ రూమ్‌మేట్ మేరీ. ఏడుస్తోంది. ఆఫీసు మెట్ల దగ్గర పడిపోయావట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే గుండె ఆగిపోయిందట.

ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లకి గుండె ఆగడమేంటి?

ఈ పరాయి దేశంలో, అల్ ఘర్రాఫాలో నేను వంట చేసే ఇంట్లో, స్టవ్ మీద కూర మాడిపోయింది. మేడమే వచ్చి స్టవ్ ఆపింది.

నేను చదివింది నాలుగో క్లాసే. ఇది చదివేవాళ్ళు తప్పులుంటే ఏమీ అనుకోకండి. తెలియనివాళ్ళకి మా అమ్మాయి గురించి ఒక్క మాట చెప్పాలి.

పండు బిల్డింగులకి ఫైర్ సేఫ్టీ డ్రాయింగులు గీసేది. మొన్నామధ్య లైసెన్స్ పరీక్ష రాసింది. అది వస్తే ఉద్యోగం పెద్దదవుతుంది, నన్ను ఆ వంటింట్లోంచి తెచ్చి తన దగ్గర పెట్టుకుంటానంది.

పుస్తకం చూసి రాసే పరీక్ష. రూములోనే, లాప్‌టాప్‌లో. కాపలా ఎవరూ ఉండరు. పుస్తకం ఎంతైనా చూడొచ్చు, మనిషిని మాత్రం అడగకూడదు. ఎవరి సాయమూ లేదని చివర్లో సంతకం పెట్టాలి.

అంత లావు పుస్తకానికి రంగు చీటీలు అతికించింది నేనే. నాలుగు శుక్రవారాలు పట్టింది. పంపులకి పచ్చ, మెట్లకి పసుపు. ఇంగ్లీషు రాకపోయినా ఏ రంగు ఎక్కడుందో నాకు కంఠతా.

పరీక్ష రోజు మన్సూరాలో తనుండే రూముకి టీ ఇద్దామని వెళ్ళాను. గబగబా పేజీలు తిప్పేస్తోంది. పంపు, పంపు అని గొణుగుతోంది.

నా నోరు ఊరుకోలేదు.

"పచ్చ చీటీ చూడవే, వెనక నుంచి మూడోది!"

తల పట్టుకుంది.

అన్నీ రాశాక, సంతకం దగ్గర ఆగి, "మా అమ్మ పేజీ చెప్పింది" అని టైపు చేసి పంపేసింది.

"పిచ్చా నీకు? ఎవడు చూశాడే? నాలుగో క్లాసు దాన్ని, నేనూ ఒక సాయమేనా?"

"అమ్మా, మనిషిని అడగొద్దన్నారు. నువ్వు మనిషివా, స్టిక్కరువా?" అని నవ్వింది.

పరీక్ష రద్దు చేశారు. ఆరు నెలలాగి మళ్ళీ రాయమన్నారు.

నాకు నవ్వు రాలేదు. మాట్లాడటం మానేశాను.

మొన్న శుక్రవారం వెళ్ళి చేపల పులుసు వండాను. తిను అని కూడా అనలేదు. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది. బస్సు దాకా వస్తానమ్మా అంది. వద్దన్నాను.

అదే ఆఖరు.

పొద్దుట్నుంచి నేనూ మేరీ తనని ఊరికి తీసుకెళ్ళే కాగితాల కోసం తిరుగుతున్నాం. ప్రతి కౌంటర్ దగ్గరా మీరు ఏమవుతారని అడుగుతున్నారు. అమ్మని. అమ్మని. చెప్పి చెప్పి అలిసిపోయాను.

మేరీ కూడా అదే పరీక్షకి చదువుతోంది, పుస్తకం తనకి ఇచ్చేశాను. చీటీలు పీకొద్దన్నాను. పరీక్ష రోజు మాత్రం గది తలుపు వేసుకోమన్నాను.

నువ్వు చేసిందే రైటు తల్లీ. ఈ మాట నీకు చెప్పలేకపోయాను.

ఇక పరీక్షలు లేవు. ప్రభువు దగ్గర ప్రశాంతంగా పడుకో పండూ.

ఇది చదివినవాళ్ళు ఈ పూట కడుపు నిండా అన్నం తినండి.